మనుష్యుల నడవడియు సంఘపు పెత్తనమును

గడచిన వేసవిలో ఒక గ్రామ సహకార సంఘపు అధ్యక్షుడు మాతో ఇట్లు మొరపెట్టుకొనెను. “అయ్యా, తాఖీదులు పంపితిమి. టముకు వేయించితిమి. గట్టిగా మాటాడి చూచితిమి, బ్రతిమాలి చూచితిమి. బాకీలు రావు. సర్వసభ్య సమావేశమునకు మనుష్యులు రారు. మా ఊరివారి బుద్ధియే ఇట్టిది.”

ఆయనకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఏలననగా మేమును మా వృత్తిలో పలుమారు లీ మాటనే అనుకొన్నవారము. విత్తనశుద్ధి చేయుడని చెప్పుదుము. అందఱును తల లూపుదురు. మఱునాడు మామూలు విత్తనమునే చల్లుదురు. “వీరి బుద్ధి ఇంతే” యని ఇంటికి పోవుట మిక్కిలి సులభము. కాని బుద్ధి యనునది లోపల నుండునది. దానిని కన్నులార చూచినవారు లేరు. కంటికి కనబడునది నడవడి. ఆ నడవడి దేనివలన మారును, దేనివలన మారదు అను సంగతిని నూటయిరువది యేండ్లకు పైగా పరీక్షలు చేసి చూచిన పండితులు కలరు. ఆ పరీక్షలలో కొన్ని కుక్కలతోను పిల్లులతోను, మఱికొన్ని మనుష్యులతోను జరిగినవి. మన సంఘములకు పనికివచ్చునని మాకు తోచిన వానిని మాత్రము ఇందు వ్రాయుచున్నాము.

మొదటివాడు రష్యా దేశస్థుడగు ఇవాన్ పావ్‌లోవ్. ఈయన మనస్తత్వ పండితుడు కాడు. జీర్ణక్రియను శోధించిన శరీరశాస్త్రజ్ఞుడు. ఆ శోధనకే 1904వ సంవత్సరమున నోబెల్ బహుమానము నొందెను. కుక్కల నోట ఊరు లాలాజలమును కొలుచుచుండగా ఈయనకు ఒక చిక్కు వచ్చిపడెను. మాంసము నోటికి తగులక మునుపే, దానిని తెచ్చు మనుష్యుని చూచినంతనే కుక్కకు నోరూరుచుండెను. ఇతరులైనచో ఇది పరీక్షకు అడ్డమని విసిగికొందురు. ఈయన ఆ అడ్డమునే పరీక్షగా చేసికొనెను. సంగీతమువారు తాళము తప్పకుండుటకు వాడు మెట్రోనోము అను యంత్రమును టకటక మ్రోగించుట, వెంటనే తిండి పెట్టుట, ఇట్లు పలుమారులు జరిపిన పిదప, తిండి లేకున్నను ఆ చప్పుడునకే కుక్క నోట నీరూరెను. మఱల చప్పుడు మాత్రమే చేయుచు తిండి పెట్టుట మానినచో, కొన్ని పర్యాయములకు ఆ యూరుటయు అణగిపోయెను.

ఇది వినుటకు కుక్కల కథగా నున్నది గాని, మేము చదువుకొన్న మిషను పాఠశాలలో భోజనపు గంట కొట్టువాడు ఆ గంటవైపు నడచుట చూచినంతనే మా తరగతి యంతయు పుస్తకములు సర్దుకొనుచుండెను. ఉపాధ్యాయుడు బెత్తము ఝళిపించినను ఆగెడివారము కాము.

ఇక మన ఊళ్ల సంగతి చూడుడు. సంఘపు గుమాస్తా మోటారుసైకిలు చప్పుడు వీధిలో వినబడినంతనే కొందఱు పెరటి గుమ్మమున వెడలిపోవుదురు. ఆతడు చెడ్డవాడని కాదు. ఆ చప్పుడు వినబడినప్పుడెల్ల బాకీమాట తప్ప మఱియొకటి వారు విని యెఱుగరు. మేము చూచిన మఱియొక సంఘములో అదే గుమాస్తా ఎరువుల బస్తాలు వచ్చిన దినమున ఇంటింటికి చెప్పును. వాటాపై లాభము పంచినప్పుడు తానే చీటి తెచ్చియిచ్చును. బాకీ గడువునకు పదునైదు దినములు ముందుగా వచ్చి జ్ఞాపకము చేయును. ఆతని బండి చప్పుడునకు జనులు వీధి యరుగు మీదికి వత్తురు. రెండు ఊళ్లవారి బుద్ధులలో భేద మేదియు మాకు కనబడలేదు.

పావ్‌లోవ్ చూచినది అప్రయత్నముగా జరుగు పని. నోరూరుట ఎవరును పూని చేయునది కాదు. పూని చేయు పనులను పరీక్షించినవాడు అమెరికా దేశస్థుడగు ఎడ్వర్డ్ థారన్‌డైక్. 1898వ సంవత్సరమున ఈయన ఆకలిగొన్న పిల్లిని ఒక పెట్టెలో మూసి, వెలుపల తిండి నుంచెను. లోపలనున్న త్రాటినిగాని మీటనుగాని కదల్చినచో తలుపు తెరచుకొనును. పిల్లి గీరును, కఱచును, నలుప్రక్కల దూరజూచును; ఎప్పుడో యొకప్పుడు పొరబాటున కాలు మీటకు తగులును. మఱల మూసినపుడు అది ఠక్కున మీటయొద్దకు పోవునని మన మనుకొందుము. పోలేదు. ప్రతి పర్యాయమును కొంచెము కొంచెముగా కాలము తగ్గుచు వచ్చెను. ఫలమిచ్చిన పని నిలిచెను, ఫలమియ్యని పనులు రాలిపోయెను. మేలు ఫలమిచ్చిన పని మఱల జరుగును, కీడు ఫలమిచ్చినది తగ్గును అని ఆయన చెప్పిన దానికి ఫల నియమమని పేరు. 1913లో జాన్ వాట్సన్ అనునాయన, మనస్సును గూర్చిన ఊహలు మాని నడవడినే శాస్త్రముగా చూడవలెనని వ్యాసము వ్రాసెను. ప్రవర్తనావాదము అను పేరు అప్పటి నుండి వ్యాపించినది.

ఈ మార్గమున అందఱికంటె దూరము పోయినవాడు బి. ఎఫ్. స్కిన్నర్ (1904–1990). మీటగల చిన్న పెట్టెలో ఎలుకను విడిచి, అది మీటను నొక్కినపుడెల్ల ఒక తిండి ఉండ పడునట్లు ఏర్పాటు చేసెను. పని వెంట వచ్చి ఆ పనిని బలపఱచు ఫలమునకు పునర్బలనమని మన పాఠ్యగ్రంథములలో పేరు పెట్టినారు. ఈయన తానే చెప్పుకొన్న యొక సంగతి రైతులకు నచ్చును. ఆ ఉండలను ఆయన చేతితోనే చేసికొనవలసియుండెను. ఒక శనివారమున చూడగా ఉండలు సోమవారము వఱకు చాలవని తేలెను. ప్రతి నొక్కునకు ఉండ యేల, నిమిషమున కొక్కటి ఇచ్చి చూతమనుకొనెను. తరుగుబాటు వలన మొదలైన ఈ పొదుపు నుండి పెద్ద సంగతి బయటపడినది. ప్రతి పర్యాయము ఫలము పొందు ఎలుక, ఫలము ఆగిపోయినచో త్వరలోనే మీట నొక్కుట మానును. అప్పుడప్పుడు మాత్రమే ఫలము దొరకు ఎలుక, ఫలము పూర్తిగా ఆగిపోయినను బహుకాలము నొక్కుచునే యుండును. ఎప్పుడు వచ్చునో తెలియనిది మనిషిని ఎంత గట్టిగా పట్టుకొనునో సంక్రాంతి కోడిపందెముల బరి యొద్ద నిలిచి చూచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ మాట ఇంతటితో విడిచిపెట్టుటకు వీలులేదు. ఋణమాఫీ సంగతి ఇచ్చట వచ్చుచున్నది. 1990లో కేంద్ర ప్రభుత్వము పదివేల రూపాయల వఱకు రైతుల బాకీలను తీసివేసినది. 2008లో చిన్న, సన్నకారు రైతుల గడువు మీఱిన బాకీలను పూర్తిగా మాఫీ చేసి, తక్కినవారికి నాలుగవ వంతు తగ్గించినది. 2014లో రాష్ట్రము రెండుగా విడిపోయిన పిదప రెండు తెలుగు రాష్ట్రములును మాఫీలు ప్రకటించినవి. కఱవునను తుఫానునను మునిగిన రైతునకు ఆ సహాయము న్యాయమే. దానిని మేము తప్పుపట్టము. ప్రాణముమీదికి వచ్చిన ఇండ్లను మేము చూచియున్నాము. కాని నడవడి శాస్త్రపు కంటితో చూచినచో, 2008లో గడువు దాటిన బాకీకే ఆ మేలు చెందినది. ఇంటివారి పుస్తెలు తాకట్టు పెట్టి గడువులో కట్టినవానికి రసీదు తప్ప మఱేమియు దక్కలేదు. ఎప్పుడు వచ్చునో తెలియని ఫలము, అదియు కట్టనివానికి మాత్రమే దొరకు ఫలము, వాయిదా దాటవేయుటను ఎంత బలపఱచునో ఆ ఎలుక చెప్పుచున్నది. అధ్యక్షుడు “బుద్ధి” యన్న దానిలో సగపాలు ఇదియే యని మా తలంపు. గ్రామసంఘమునకు మాఫీని ఆపు అధికారము లేదు. కట్టినవానికి ఆ దినమే ఏదో యొక మేలు కనబడునట్లు చేయు అధికారము మాత్రము కలదు.

మేలు మనకు లేకపోలేదు. ఇటీవలి సంవత్సరములలో మూడు లక్షల రూపాయల వఱకు పంట ఋణములపై వడ్డీ నూటికి ఏడు. గడువులో కట్టినవానికి మూడు తగ్గి నాలుగు పడుచున్నది. లక్ష రూపాయలు తీసికొన్నవానికి ఏడాదికి మూడువేల రూపాయలు మిగులును. మేము పదిమంది సభ్యుల నడిగినపుడు నలుగురైదుగురు ఈ సంగతి ఎఱుగరు. ఎఱిగినవారు దానిని ఎన్నడును కంటితో చూడలేదు. అది లెక్కపుస్తకములో ఎక్కడనో కలిసిపోవుచున్నది. ఫలము పనికి ఎంత దగ్గరగా వచ్చిన అంత బలమని ఈ పండితులందఱును ఒప్పుకొన్న సంగతి. బాకీ కట్టిన దినముననే రసీదు మీద “గడువులో కట్టుటవలన మీకు మిగిలినది ఇంత” యని రూపాయలలో వ్రాసి, చదివి వినిపించి చేతికిచ్చుటకు సంఘమునకు సిరా తప్ప ఖర్చులేదు. చదువరాని సభ్యునకు చదివి వినిపించుట ముఖ్యము. ఆతని వెనుక నిలుచున్నవారును విందురు గదా.

ఇక దండన. దండించినచో పని ఆగును గాని, బెదురు తీరిన పిదప మఱల తలయెత్తునని స్కిన్నర్ తన ఎలుకల యందే చూచెను. జరిమానాకు ఇంకొక చిక్కు కలదు. ఇజ్రాయెలు దేశములోని హైఫా పట్టణమున పసిపిల్లలను పగటిపూట కనిపెట్టుకొనియుండు శాలలు కలవు. సాయంకాలము తల్లిదండ్రులు కొందఱు ఆలస్యముగా వచ్చుచుండిరి. గ్నీజీ, రుస్టికీనీ అను ఇద్దఱు అర్థశాస్త్రజ్ఞులు పది శాలలను తీసికొని, వానిలో కొన్నింట ఆలస్యమునకు పది షెకెలుల జరిమానా పెట్టించిరి. షెకెలు ఆ దేశపు నాణెము. 2000వ సంవత్సరమున ప్రకటించిన వారి వ్యాసము ప్రకారము ఆలస్యముగా వచ్చువారు తగ్గలేదు సరికదా, ఇంచుమించు రెట్టింపైరి. జరిమానా తీసివేసిన పిదపను పూర్వపు స్థితి రాలేదు. అంతకు మునుపు ఆయా పంతులమ్మకు శ్రమ కలుగుచున్నదని సిగ్గుపడువారు, జరిమానా వచ్చిన పిదప కాలమును కొనుకొన్నట్లు భావించిరి. సిగ్గునకు వెల కట్టినారు; వెల తీసివేసినను సిగ్గు తిరిగి రాలేదు.

మేమును ఇట్టిదే చూచితిమి. ఒక సంఘములో మందుకొట్టు యంత్రమును అద్దెకిచ్చుచుండిరి. గడువు దాటి తెచ్చినచో దినమునకు ఇరువది రూపాయలు జరిమానా అని తీర్మానించిరి. కాయతొలుచు పురుగు వచ్చిన దినములలో ఒక సభ్యుడు ఆ యంత్రమును నాలుగు దినములు ఎక్కువగా ఉంచుకొని, ఎనుబది రూపాయలు బల్లపై బెట్టి మీసము దువ్వుకొనుచు పోయెను. ఆతని వెనుక వరుసలోనున్న మువ్వురి చేలు పురుగు పాలయ్యెను. తరువాత ఆ సంఘమువారు జరిమానా తీసివేసి, యంత్రమును తెచ్చి ఇచ్చువాడు తన తరువాతి వంతువాని యింటనే స్వయముగా అప్పగించి సంతకము తీసికొనవలెనని మార్చిరి. ప్రక్కవాని మొగము చూడవలసివచ్చినపుడు ఆలస్యములు చాలవఱకు తగ్గినవి. పూర్తిగా పోలేదు. మీసముగల మన సభ్యుడు మాత్రము మునుపటి వలెనే యున్నాడు.

ఇంతవఱకు చెప్పినది సభ్యుని నడవడి. పెత్తనము చేయువాని నడవడి సంగతి ఇంకను విలువైనది.

కర్ట్ లెవిన్ (1890–1947) జర్మనీలో పుట్టిన యూదుడు. హిట్లరు అధికారమునకు వచ్చిన 1933లో దేశము విడిచి అమెరికా చేరెను. నిరంకుశత్వమును కన్నులార చూచి వచ్చినవాడు గనుక, పెద్దఱికపు తీరు జనుల నేమి చేయునో ఆయన తెలిసికొనగోరెను. అయోవా విశ్వవిద్యాలయములో లిప్పిట్, వైట్ అను సహాయకులతో 1938 ప్రాంతమున పదేండ్ల మగపిల్లలను అయిదుగురేసి చొప్పున గుంపులుగా చేసి, మాస్కులు చేయుట, బొమ్మలు చెక్కుట మున్నగు పనులు పెట్టిరి. ప్రతి గుంపునకు ఒక పెద్దమనిషి నాయకుడు. ఒక విధమైన నాయకుడు ప్రతి యడుగు తానే ఆజ్ఞాపించును. తరువాతి యడుగేమో చెప్పడు. మెప్పుదలయు నిందయు తన యిష్టము. రెండవ విధమైనవాడు పనిని పిల్లలతో చర్చించి నిర్ణయింపజేయును. ఎవరితో ఎవరు పనిచేయవలెనో వారికే విడుచును. తానును చేయి వేయును. మూడవవాడు సామాను అక్కడ పడవేసి, మీ యిష్టమని ఊరకుండును. అవే గుంపులకు నాయకులను మార్చి మార్చి చూచిరి. కావున భేదము పిల్లలది కాదు, పెత్తనపు తీరుది.

ఆజ్ఞాపించు నాయకుడు ఎదుటనున్నంతసేపు అణగియున్న గుంపులు తమ కాలములో ఇంచుమించు నాలుగింట మూడువంతులు పనియే చేసినవి. చర్చించు నాయకుని క్రింద సగమే. ఇంతటితో ఆపినచో బెత్తమే మేలని తోచును. మన అధ్యక్షులలో కొంద ఱింతటితోనే ఆపుదురు! కాని నాయకుని బయటకు పంపి చూచిరి. బెత్తపు గుంపులలో పని మూడవ వంతుకంటె తక్కువకు పడిపోయెను. చర్చించిన గుంపులలో నాయకుడు లేకున్నను పని ఇంచుమించు అట్లే నడచెను. మఱియొక సంగతి. బెత్తపు గుంపులలో కొన్ని తమ కోపమును నాయకునిపై చూపలేక తమలోనే ఒక పిల్లవానిని పట్టుకొని పీడించినవి. ఇరువదిమంది పిల్లలలో పందొమ్మండుగురు ఆజ్ఞాపించు నాయకునికంటె చర్చించు నాయకుడే మాకు ఇష్టమనిరి. ఏమియు పట్టించుకొనని నాయకుని క్రింద పనియు తక్కువే, తృప్తియు తక్కువే. ప్రజాస్వామ్యమని పేరు పెట్టి చేతులు కట్టుకొని కూర్చుండు కార్యదర్శి ఈ మూడవ తెగవాడని గ్రహింపవలెను.

మన సంఘములో నాయకుడు గది విడిచిపోవుట అన నేమి? అధ్యక్షుడు మారుట. ఒక గట్టి మనిషి పదేండ్లు సంఘమును ఒంటిచేతితో నడపును, బాకీలు వచ్చును, లెక్కలు సరిగా నుండును, అందఱును పొగడుదురు. ఆయన మంచాన పడిన ఏడాది లోపల సంఘము చతికిలబడును. ఆయన యుండగా సభ్యులు పని నేర్చుకొనలేదు, చూపునకు జంకుట నేర్చుకొనిరి. ఇట్టి సంఘములు మీ తాలూకాలోనే యొకటి రెండు మీకు జ్ఞాపకము వచ్చుచుండును.

లెవిన్ చేసిన రెండవ పని మాబోటి ఉపదేశకులకు చెంపపెట్టు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో మాంసపు కొఱత ఏర్పడెను. పశువుల గుండె, మూత్రపిండము మొదలగు భాగములు పుష్టికరములైనను అక్కడి గృహిణులు వానిని ఏవగించుకొనెడివారు. వారిని ఆఱు గుంపులుగా చేసి, మూడు గుంపులకు చక్కని ఉపన్యాసము ఇచ్చిరి. పుష్టి, ధర, దేశభక్తి, వండు విధములు అన్నియు చెప్పి, వంటల కాగితములు కూడ పంచిరి. తక్కిన మూడు గుంపులలో అదే కాలము పట్టునట్లు, “మనవంటి గృహిణులు దీనిని ఏల వండరు? అడ్డములేమి?” యని వారిచేతనే మాటాడించి, తుదకు “వచ్చే వారము ఎవరు వండి చూతురు?” అని చేతు లెత్తించిరి. తరువాత విచారింపగా ఉపన్యాసము వినినవారిలో నూటికి ముగ్గురు వండిరి. చేతు లెత్తినవారి గుంపులలో నూటికి ముప్పదియిద్దఱు వండిరి.

మేము ఈ లెక్క చదివిన రాత్రి మాకు సరిగా నిదుర పట్టలేదు. జీలుగ విత్తి పూతకు వచ్చినపుడు దమ్ములో కలియదున్నుటను గూర్చి మేము ఎన్ని అరుగుల మీద, ఎన్ని సభలలో ఉపన్యసించితిమో! నత్రజని, సేంద్రియ పదార్థము, ఎరువుల ఖర్చు అన్నియు చెప్పెడివారము. రైతులు మర్యాదగా వినెడివారు, కాఫీ ఇచ్చెడివారు. చేలలో జీలుగ మాత్రము కనబడెడిది కాదు. తరువాతి యేడు ఒక ఊరిలో ఉపన్యాసము మాని, “జీలుగ ఏల వేయరు?” అని అడిగి నోరు మూసికొని కూర్చుంటిమి. మూడు సంగతులు బయటపడినవి. కాలువ నీరు వచ్చుటకును నాట్లకును నడుమ దినములు చాలవు. పశువులు తినివేయును, కాపలా ఒక్కడు కాయలేడు. మునుపు ఉచితముగా విత్తనము పంచినారు గనుక కొని వేయుట చిన్నతనముగా నున్నది. మూడవదానికి కారణము మేమే! రెండవదానికి వారే ఉపాయము చెప్పిరి: ఒకే ప్రక్కనున్న చేలవారందఱు కలిసి వేసి, వంతుల చొప్పున కాయుదురట. మొదటిదానికి మాయొద్ద మందు లేదు. పల్లపు చేలవారు వేయలేమనిరి, నిజమే. పదునొకండుగురు చేతు లెత్తిరి. వారిలో ఎనమండుగురు వేసిరి. అంతకు ముందు అయిదేండ్ల మా ఉపన్యాసములకు ఆ ఊరిలో జీలుగ వేసినవారు ఇద్దఱు. అందొకడు మాకు బంధువు.

పొరుగువాని చేను మా ఉపన్యాసముకంటె గొప్పదనుటకు ఇంకొక నిదర్శనము కలదు. అయోవాలోనే రయన్, గ్రాస్ అను ఇద్దఱు, సంకర మొక్కజొన్న విత్తనము రైతులలో ఎట్లు వ్యాపించెనో 259 మంది నడిగి 1943లో ప్రకటించిరి. 1928కిని 1941కిని నడుమ ఇద్దఱు తప్ప అందఱును ఆ విత్తనమునకు మారిరి. మొదట దానిమాట చెవిని వేసినవారు విత్తనములమ్ము వర్తకులు. వేయుటకు మనస్సు గట్టిపఱచినవారు ఇరుగుపొరుగు రైతులు. మొదటి యేడే చేనంతయు వేసినవాడు అరుదు. కొంచెము నేలలో వేసి చూచుకొని, తరువాత పెంచుకొనిరి. అక్కడి రైతును మన రైతును ఒకే తల్లి బిడ్డలు.

యుద్ధానంతరమున ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు నాయకుల నడవడిని పరిశీలించి అందు రెండు పాళ్లు ముఖ్యమనిరి. పనిని ఏర్పఱచి ఎవరెవరి వంతేమో తేటపఱచుట ఒకటి. మనుష్యుల మేలు చూచి ఆదరించుట రెండవది. ఒకటి యుండి ఒకటి లేకపోవచ్చును. వారిలో ఫ్లీష్‌మన్ అనునాయన ట్రాక్టరులు చేయు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీలో మేస్త్రీలకు ఆదరణ నేర్పు తరగతులు పెట్టినపుడు ఏమైనదో 1953లో వ్రాసెను. తరగతిలో అందఱును బాగుగా నేర్చుకొనిరి. పనిలోనికి తిరిగిపోయిన పిదప మాత్రము, తమ పై అధికారి ఎట్లుండునో అట్లే నడచిరి. కార్యదర్శులను శిక్షణకు పంపి, వారు తిరిగిరాగానే పాలకవర్గము మునుపటి వలెనే కసరుచుండిన, ఆ శిక్షణ బస్సు చార్జీలకే సరిపోవును.

మనిషిని ఎలుకతో పోల్చుట మర్యాద కాదని పాఠకులలో కొందఱు అనుకొందురు. ఆ యనుమానము మాకును కలదు. మాట నేర్చు విద్యనంతటిని ఈ మార్గముననే వివరింపబూనిన స్కిన్నర్ గ్రంథమును 1959లో నోమ్ చామ్‌స్కీ అను భాషాశాస్త్రజ్ఞుడు తీవ్రముగా ఖండించెను. 1971లో ఎడ్వర్డ్ డెసీ అనునాయన, ఇష్టముతో చిక్కుముడి బొమ్మలు విప్పుచున్న విద్యార్థులకు డబ్బిచ్చి చూడగా, డబ్బు ఆగిన పిదప వారికి ఆ బొమ్మలపై నుండిన ఇష్టము తగ్గెనని కనుగొనెను. పూర్వము పంటకాలువ పూడిక తీయుటకు ఇంటి కొక మనిషి పారతో వచ్చు ఊళ్లలో, కూలి యిచ్చి తీయించిన తరువాత కూలి లేకుండ ఎవడును రాకపోవుట మన పెద్దలు ఎఱిగినదే. ప్రతిఫలము మందువంటిది. మోతాదు తెలియక పోసినచో పైరునకే చేటు.

తుదిగా, “మా ఊరివారి బుద్ధియే ఇట్టిది” యన్న మాటకు మన దేశమునుండియే ఒక జవాబు. రాబర్ట్ వేడ్ అను పండితుడు కర్నూలు జిల్లాలో కాలువక్రింది గ్రామములను తిరిగి పరిశీలించి 1988లో ఒక గ్రంథము ప్రకటించెను. కొన్ని ఊళ్లవారు ప్రభుత్వము చెప్పకయే తమలో తాము ఒక పెద్దల సభ నేర్పఱచుకొని, ఊరుమ్మడి నిధి పెట్టుకొని, నీరు పారించుటకును చేలు కాయుటకును మనుష్యులను నియమించుకొనిరి. ప్రక్క ఊళ్లలో ఇవేవియు లేవు. అదే జిల్లా, అవే కులములు, అదే భాష. మఱి భేదమెక్కడ? కాలువ చివరనుండి నీరు అందునో అందదో యను భయముగల ఊళ్లలోను, పశువులవలన పంట పోవు ప్రమాదము ఎక్కువగల ఊళ్లలోను ఈ కట్టుబాట్లు నిలిచినవి. కాలువ తలయందు నీరు పుష్కలముగా నున్నచోట అవి లేవు. కలిసి నడచుటవలన కలుగు లాభము కంటికి కనబడినచోట జనులు కలిసి నడచిరి.

ఈ సంగతులన్నియు మేము ఆ అధ్యక్షునితో ఒక సాయంకాలము కూర్చుండి చెప్పితిమి. ఆయన చాలసేపు పలుకలేదు. తరువాత, “అయ్యా, మా సమావేశమునకు వచ్చిన సభ్యునకు వినుట తప్ప చేయుటకు పని యేమున్నది?” అని తానే అడిగెను. ఈ ఖరీఫునకు ముందు జరిగిన సమావేశములో తీర్మానములు చదువుట కడపటికి త్రోసి, ఏయే ఎరువు ఎన్ని బస్తాలు తెప్పింపవలెను, వాయిదా తేది ధాన్యము అమ్ముడుపోవుటకు ముందుండవలెనా తరువాత నుండవలెనా అను రెండు ప్రశ్నలను సభ్యులకే విడిచిరి. రెండవదానిపై గంటసేపు కేకలు పుట్టినవి. పై బ్యాంకువారి గడువునకు లోబడి తేది పదునెనిమిది దినములు వెనుకకు జరిగినది. కట్టుదుమని చేతు లెత్తినవారి పేర్లు నల్లబల్ల మీద వ్రాసిరి. చేయి ఎత్తనివారి పేర్లు వ్రాయవలెనని ఒకరు పట్టుబట్టగా అధ్యక్షుడు ఒప్పుకొనలేదు. వసూలు ఎట్లుండునో ధాన్యము మార్కెటు చేరిన పిదపగాని తెలియదు. మంచిగా నున్నను చెడుగా నున్నను ఈ పత్రికలో వ్రాయుదుము.